ఈకల రొయ్య నేర్పిన ఈత

ఒకప్పుడు రొయ్యలకి వెనక్కి ఈదడం తెలియదు.

నమ్మకం కుదరట్లేదు కదూ? ఇప్పుడైతే ఏట్లో చెయ్యి పెట్టగానే రొయ్య మన మొహంలోకి చూస్తూనే తోకతో ఒక్క తన్ను తన్ని వెనక్కి మాయమైపోతుంది. ఆ రోజుల్లో అలా కాదు. భయం వేస్తే ముందు ఆగేది. మీసాలు సర్దుకునేది. కాళ్ళన్నీ ఒకటొకటిగా కదుపుకుంటూ, పేరంటానికి బయల్దేరిన పెద్దావిడలాగా తీరిగ్గా అటు తిరిగేది. అప్పుడు తీసేది పరుగు.

ఆ తిరగడం పూర్తయ్యేలోపే పాపం దాని పని అయిపోయేది.

ఊటేరు అని ఒక కొండ ఏరు ఉండేది. రాళ్ళ మీద గలగలా దూకుతూ వచ్చి, ఒక మలుపు దగ్గర లోతైన మడుగై ఆగి, కాస్త అలుపు తీర్చుకుని మళ్ళీ బయల్దేరేది. ఆ మడుగులో ఒక కొరమీను కాపురం ఉండేవాడు. నల్లటి వీపు, పాము తలకాయ, ఇంత పెద్ద నోరు. వాడికి వేటంటే కష్టమే లేదు. రొయ్య ఎదురుగా వెళ్ళి నిలబడి నోరు తెరిచేవాడు. రొయ్య మర్యాదగా వీపు తిప్పేది. వాడు గుటుక్కున మింగేవాడు. కూర్చున్న చోటికే విస్తరి వచ్చినట్టు సాగేది వాడి బతుకు. అలా తిని తిని వాడు అరటిబోదెలా బలిశాడు. ఏట్లో రొయ్యలు మాత్రం ఒకటీ అరా మిగిలాయి.

ఆ ఏటి గట్టునే చేపలు పట్టుకుని బతికే దాలయ్య ఉండేవాడు. మనిషి మెత్తన, మాట మెత్తన. గాలం వేయడంలో మాత్రం చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. దాలయ్యకి ఒక్కతే కూతురు, పేరు వరహాలు. పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లని కన్నది.

పిల్ల బంగారు బొమ్మ. తల్లికే పురిటి జ్వరం తగిలి, వాడిన తోటకూర కాడలా మంచానికి అతుక్కుపోయింది. జ్వరమైతే తగ్గింది గానీ ఒంట్లో సత్తువ లేదు, పాలు పడలేదు. పసిది ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురు చేసుకునేది. మేకపాలు పడితే కక్కేసేది. దాలయ్య గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకునేవాడు. ఏటి నిండా చేపలు పట్టిన చేతులు ఇంట్లో బిడ్డకి ఎందుకూ పనికిరాకుండా ఉన్నాయని ఆయనకి లోపల ఒకటే బాధ.

మంత్రసాని ముసలమ్మ వచ్చి వరహాలు చెయ్యి పట్టుకు చూసింది. బయటికొచ్చి దాలయ్యతో చెప్పింది.

“కొరమీను పులుసు పెట్టు దాలయ్యా. వెల్లుల్లి బాగా దంచి ఏసి పెట్టు. ఒంట్లోకి సత్తువొస్తాది, పాలూ పడతాయి. ఇంకేటి పెట్టినా లాభం నేదు.”

దాలయ్య అప్పటికప్పుడు గాలపు కర్ర భుజాన వేసుకుని మడుగు దగ్గరికి పరుగెత్తాడు. వానపామును గుచ్చి వేశాడు. కొరమీను వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. కప్పపిల్లను వేశాడు. వాడు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెళ్ళిపోయాడు. రోజూ పెళ్ళిభోజనం తినేవాడికి చద్దన్నం రుచిస్తుందా? వాడి నోటికి రొయ్య తప్ప ఇంకేదీ ఎక్కడం లేదు.

సరే, రొయ్యనే పట్టుకుందామని వెదురు బుట్ట అల్లి రాళ్ళ మధ్య పెట్టాడు దాలయ్య. మొదట ఖాళీ బుట్ట వచ్చింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఖాళీ. ఇక లాభం లేదనుకుంటుండగా బుట్టలో ఏదో టకటకమంది. ఒక రొయ్య. పెద్దది, మంచిది, నీలి కత్తెర చేతులది. దాలయ్య ప్రాణం లేచొచ్చింది. దాన్ని అరచేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. చూసి అలాగే చతికిలపడ్డాడు.

దాని పొట్ట కింద, తోకకి అంటుకుని, గుత్తులు గుత్తులుగా గుడ్లు.

ఊటేటి జాలరులకి ఒక కట్టుబాటు ఉంది. గుడ్లున్న రొయ్యను గాలానికి గుచ్చరు. ఆకలితో ఉన్నా గుచ్చరు. అందులోనూ ఇంట్లో బాలింత ఉన్నవాడు అసలే గుచ్చడు.

“గుచ్చుతావా తాతా?” అని అడిగింది రొయ్య. ఆ రోజుల్లో రొయ్యలు అడిగేవి, మనుషులు జవాబు చెప్పేవారు.

దాలయ్యకి కళ్ళు చెమర్చాయి. గుచ్చనని చెప్పాడు. ఇంట్లో సంగతంతా ఏకరువు పెట్టాడు. రొయ్యమ్మ మీసాలు ఆడిస్తూ శ్రద్ధగా విన్నది. విని, నువ్వు వదిలినా ఆ కొరమీను నన్ను వదలడులే తాతా అన్నది. వాడెదురొస్తే ఈ గుడ్ల బరువుతో నేనెంతసేపటికి తిరగాలి, ఎప్పటికి పారిపోవాలి, నా చెల్లెళ్ళందరూ అలాగే పోయారు అని నిట్టూర్చింది. కడుపు కింద పిల్లలు కళ్ళు తెరిచేదాకా బతికుంటే చాలు, అంతకు మించి తనకే కోరికా లేదని చెప్పింది.

దాలయ్య చాలాసేపు ఏటికేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు తట్టింది ఆయనకి. నిజం రొయ్య లేకపోతే అబద్ధపు రొయ్యను చేస్తే సరి.

కానీ చెయ్యాలంటే రొయ్య ఎలా ఉంటుందో తెలియాలి కదా. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి రొయ్యల్ని పట్టాడు, గుచ్చాడు, వేయించుకు తిన్నాడు. కుదురుగా కూర్చుని ఒక్కసారి కూడా చూడలేదు. అందుకని రొయ్యమ్మను బతిమాలి, నీళ్ళ చట్టిలో పెట్టి ఇంటికి తెచ్చాడు. పని కాగానే ఏట్లో దించేస్తానని మాటిచ్చాడు.

అరుగు మీద చట్టి. చట్టిలో రొయ్యమ్మ. ఎదురుగా దాలయ్య, ఒళ్ళో గాలం. అబద్ధపు రొయ్యను ఆ గాలం మీదే కట్టాలి. ఇక మొదలైంది చూడండి పని.

ఒంటికి ఈకలు కావాలి. పెరట్లో ఎర్ర పుంజును పట్టుకుని మెడ మీద నాలుగు, తోకలో ఉన్న కాసినీ పీకాడు. పుంజు గొల్లుమంది. పెట్టల ముందు నా పరువేం కాను అని దెబ్బలాడింది. పిల్ల పుట్టింది కదరా, మేనమామలా ఆ మాత్రం పెట్టలేవా అని దాలయ్య బుజ్జగించాడు. ఆ మాటకి పుంజు మెత్తబడి ఇంకో ఈక కూడా తనే ఇచ్చింది.

మీసాలకి పక్కింటి ఎద్దు తోక వెంట్రుకలు. అవి తేవడానికి వెళ్ళి దాలయ్య పేడలో పడి వచ్చాడు. కళ్ళకి రెండు ఆవగింజలు. మునగడానికి పాత వలలోంచి ఒక చిన్న సీసపు ముక్క. కట్టడానికి దారం ఎక్కడ దొరుకుతుందా అని చూస్తే, దండెం మీద భార్య అప్పాయమ్మ చీర కనబడింది. గోధుమరంగు అంచు. అచ్చం రొయ్య రంగే. చప్పుడు చెయ్యకుండా అంచులోంచి ఒక పోగు లాగాడు.

రొయ్యమ్మ చట్టి అంచు మీద చేతులు పెట్టుకుని చూస్తూ ఊరుకుంటుందా? నా నడుము అంత లావా అన్నది. దాలయ్య విప్పి సన్నగా కట్టాడు. మీసాలు ఇంకా పొడుగన్నది. పొడుగు పెట్టాడు. నా చేతులు అలా చచ్చుబడి వేలాడవు, ఎవరైనా మీదికొస్తే పైకి లేస్తాయన్నది. ఈకను నిలువునా చీల్చి, రెండు చేతులూ పైకి లేచేలా కట్టాడు. ఆవగింజల కళ్ళు అతికించాక మాత్రం రొయ్యమ్మ ఏ వంకా పెట్టలేదు. అది మా చిన్న చెల్లెలిలా ఉంది తాతా అని మెల్లగా అన్నది.

ఆఖరున గాలపు దారం కట్టి, కరిగిన లక్క చుక్కలు వేసి ముడులన్నీ గట్టిచేశాడు. లక్క ఆరేదాకా ఆగాడు. పైకెత్తి ఊదాడు. ఈకలన్నీ ఊపిరి పోసుకున్నట్టు కదిలాయి. దాలయ్య మొహం చేటంత అయింది.

అప్పాయమ్మ మనవరాల్ని భుజాన వేసుకుని బయటికొచ్చింది. మొగుడి చేతిలో రొయ్యను చూసింది. దండెం మీద చీర చూసింది. చీర సంగతి తర్వాత తేలుద్దామనుకున్నట్టుంది, ముందు రొయ్యనే పట్టుకుని పరీక్షగా చూసింది.

“ఏటయ్యా ఇది? దారం తోకకి కట్టినావేటి?”

దాలయ్య చూసుకున్నాడు. నిజమే. దారం తోకకే ఉంది.

సంగతేమిటంటే, బతికిన రొయ్యను గాలానికి ఎప్పుడూ తోక దగ్గరే గుచ్చాలి. తల దగ్గర గుచ్చితే చచ్చిపోతుంది. చచ్చిన రొయ్యను చేప ముట్టదు. దాలయ్య తండ్రి నేర్పింది అదే, తాత నేర్పింది అదే. ఆయన వేళ్ళు వాటంతట అవే తోక వెతుక్కుని అక్కడ కట్టేశాయి.

“తలకి కడితే సచ్చిపోద్ది కదే,” అన్నాడు దాలయ్య.

అన్నాక ఆయనకే వినబడింది తానేమన్నాడో. అప్పాయమ్మ నవ్వడం మొదలుపెట్టింది. ఈకలు, ఆవగింజలు, ఎద్దు వెంట్రుకలు, దీనికి ప్రాణమెక్కడ పెట్టినావయ్యా పోడానికి అని పొట్ట పట్టుకు నవ్వింది. ఎన్నో రోజులకి ఆ ఇంట్లో నవ్వు వినబడింది. లోపల మంచం మీద వరహాలు కూడా ఏమిటమ్మా అని అడిగి, విని, పెదాలు కదిపింది.

విప్పి మళ్ళీ కడదామంటే లక్క రాయిలా బిగుసుకుపోయింది. ఇంకోటి చేద్దామంటే పుంజుకి తోక మిగల్లేదు. పైగా పసిది మళ్ళీ ఏడుపు అందుకుంది. ఎలా ఉంటే అలాగే కానిమ్మని, పొద్దున్నే దాలయ్య ఒక చేత్తో గాలపు కర్ర, ఒక చేత్తో చట్టి పట్టుకుని ఏటికి బయల్దేరాడు.

ముందు రొయ్యమ్మను మెరక నీళ్ళలో ఒక చదును రాయి పక్కన దించాడు. దాక్కోమని, బయటికి రావద్దని కూతురికి చెప్పినట్టు చెప్పాడు. తర్వాత మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఏటిని అడిగాడు, వాడెక్కడున్నాడమ్మా అని. ఊటేరు కాస్త వదరుబోతు. అడగడమే ఆలస్యం. ఇప్పుడే పైకొచ్చి గాలి మింగి కిందికి పోయాడు, అదిగో ఆ నల్లరాయి పక్కనే ఉన్నాడు, పొద్దున్నించీ ఆకలి ఆకలి అని నా ప్రాణం తీస్తున్నాడు అని గడగడా చెప్పేసింది.

దాలయ్య ఈకల రొయ్యను విసిరాడు. అది నల్లరాయి ముందు మెత్తగా వాలి, అడుగుకి దిగి, చేతులు పైకెత్తి నిలబడింది.

కొరమీను వచ్చాడు. కళ్ళు మెరిశాయి. అలవాటు ప్రకారం ఎదురుగా నిలబడి నోరు తెరిచాడు. ఇక అది తిరుగుతుంది, తను మింగుతాడు.

దాలయ్య దారం చిన్నగా లాగాడు. ఈకల రొయ్య తిరగలేదు. కొరమీను మొహంలోకి చూస్తూనే, చేతులు అలాగే ఎత్తిపెట్టి, జానెడు వెనక్కి జరిగింది.

కొరమీను నోరు మూసుకున్నాడు. వాడు పుట్టాక ఇలాంటి రొయ్యను చూడలేదు. తిరగవే అన్నాడు. అది మళ్ళీ జానెడు వెనక్కి పోయింది. తిరుగుతావా లేదా అని గద్దించాడు. ఇంకో జానెడు. ముందునుంచి మింగుదామంటే ఆ ఎత్తిన చేతులు చూసి జంకాడు. వెనకనుంచి మింగుదామంటే దానికి వెనకే కనబడదు. ఇదెక్కడి మర్యాద, పెద్దవాళ్ళు వచ్చి నోరు తెరిస్తే వీపు తిప్పొద్దా అని ఏటికి ఫిర్యాదు చేశాడు. ఏరు కిసుక్కున నవ్వింది.

అలా పొద్దెక్కేదాకా సాగింది. దాలయ్య విసరడం, అది వెనక్కి జరగడం, వాడు వెంటపడడం, తీరా మింగే వేళకి అనుమానపడి ఆగిపోవడం. దాలయ్య చేతులు లాగేశాయి. ఇల్లు గుర్తొచ్చింది. పసిదాని ఏడుపు ఏటి చప్పుడులో కూడా వినబడుతున్నట్టే ఉంది. తలకి కట్టుంటే ఈపాటికి మింగేవాడు, నా చేతులు విరగ అని తనని తాను తిట్టుకున్నాడు.

తిట్టుకుంటూ గట్టిగా లాగాడు. ఈకల రొయ్య వచ్చి వచ్చి రెండు రాళ్ళ సందులో ఇరుక్కుపోయింది. లాగితే రాదు. వదిలితే కదలదు.

కొరమీనుకి విసుగొచ్చింది. నీ చేతులూ నువ్వూ, అక్కడే చావు అని ఇటు తిరిగాడు. తిరిగేసరికి మెరక నీళ్ళలో చదును రాయి పక్కన రొయ్యమ్మ కనబడింది.

దాక్కోమంటే ఆమె దాక్కోలేదు మరి. రాయి కింద నుంచి తల బయటపెట్టి ఇందాకటి నుంచీ ఆ ఈకల చెల్లెల్నే చూస్తోంది. రెప్ప వేయకుండా చూస్తోంది. అసలు రొయ్యలకి రెప్పలు ఉండవనుకోండి.

కొరమీను ఒక్క ఊపులో వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. నీళ్ళు తేటగా ఉండడంతో దాలయ్యకి అన్నీ కనబడుతున్నాయి. కర్రను పక్కన ఇసుకలో గుచ్చి పరుగెత్తబోయాడు, కాళ్ళు పాచిరాళ్ళ మీద జారాయి.

అమ్మమ్మల నాటి అలవాటు రొయ్యమ్మని తిరగమంటోంది. ఒక కాలు కదిపింది కూడా. అప్పుడు పొట్ట కింద గుడ్లు కదిలాయి. లోపల చిన్న చిన్న నల్లటి కళ్ళు అప్పటికే వచ్చేశాయి. రేపో ఎల్లుండో పుట్టబోయే పిల్లలు.

ఆమె తిరగలేదు. చేతులు పైకెత్తింది. కొరమీను కళ్ళలోకి చూస్తూనే తోకను పొట్ట కిందికి ముడిచి, పిల్లల్ని అందులో పొదువుకుని, నీళ్ళను ఒక్క తన్ను తన్నింది.

జానెడు వెనక్కి పోయింది.

రొయ్యమ్మకే ఆశ్చర్యం వేసింది. కొరమీనుకి మతి పోయింది. ఇంకో తన్ను. ఇంకో జానెడు. ఈసారి వాడు అనుమానపడి ఆగలేదు. ఒక్క రోజులో రెండు రొయ్యలు ఎదురుతిరిగితే ఎంతటి కొరమీనుకైనా ఒళ్ళు మండదూ? నోరు బార్లా తెరిచి ఆమె మీదికి దూకాడు. ఆమె వెనక్కి, వాడు ముందుకి. ఆమె వెనక్కి, వాడు ముందుకి. రొయ్యమ్మ తన్నుకుంటూ తన్నుకుంటూ ఈకల రొయ్య ఇరుక్కున్న ఆ రెండు రాళ్ళ సందులోంచి అవతలికి జారిపోయింది. వెనకే వచ్చిన కొరమీను తలకాయ సందులో దూరింది. అక్కడ చేతులెత్తి నిలబడ్డ ఈకల రొయ్య సరిగ్గా వాడి నోట్లోకి వెళ్ళింది. వాడు రొయ్యమ్మే అనుకుని కసిగా నోరు మూశాడు.

ఇసుకలో గుచ్చిన కర్ర విల్లులా వంగింది. జారిపడ్డ దాలయ్య పడ్డచోటనే కర్ర అందుకుని, బలమంతా పెట్టి లాగాడు. మడుగు అల్లకల్లోలమైంది. ఏరు లాగు దాలయ్యా లాగు అని కేకలు పెట్టింది. చివరికి అరటిబోదె లాంటి కొరమీను గట్టు మీద పడ్డాడు. పడి కూడా వాడొకటే గొణుగుడు, అది తిరగాల్సింది, తిరగాల్సింది అని.

ఆ మధ్యాహ్నం దాలయ్య ఇంట్లో వెల్లుల్లి వాసన వీధి చివరిదాకా వచ్చింది. అప్పాయమ్మ వేడన్నంలో పులుసు కలిపి ముద్ద ముద్ద తినిపించింది. వరహాలు తిన్నది. మర్నాడు లేచి కూర్చుని ఇంకా పెట్టమ్మా అని అడిగి తిన్నది. కొరమీను పెద్దది, రెండు పూటలకి సరిపోయింది. ఆ మర్నాటికి పసిది తల్లి దగ్గర కడుపు నిండా తాగి, గుప్పిళ్ళు బిగించి నిద్రపోయింది. దాలయ్య ఆ నిద్రను ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. చూసి చూసి కండువాతో కళ్ళు ఒత్తుకుని ఏటికి వెళ్ళాడు.

రొయ్యమ్మ చదును రాయి మీదే ఉంది. దాలయ్య ఆమె ముందు గొంతుకు కూర్చున్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారని చెప్పాడు. చెప్పి కాస్త సిగ్గుపడ్డాడు.

“తోకకి కట్టడం నా తప్పే తల్లీ. అలవాటులో కట్టేసినాను. దాన్ని సూసి నువ్వు నేర్సుకున్నావు. ఇప్పుడు రొయ్య ఎనక్కి పారిపోతాదంటే అందరూ నవ్వుతారేమో.”

రొయ్యమ్మ మీసాలు ఆడించింది.

“నవ్వనీ తాతా. మునుపు పారిపోయేటప్పుడు నా తల ముందు పోయేది, నా పిల్లలు ఎనకుండేవోళ్ళు. ఆడి నోటికి ముందు దొరికేది ఆళ్ళే. ఇప్పుడు సూడు, నా పిల్లలే ముందు పోతన్నారు. ఆడికీ ఆళ్ళకీ మద్దిన నేనున్నాను.”

దాలయ్య నీళ్ళలో చెయ్యి పెట్టాడు. రొయ్యమ్మ వచ్చి ఆ చెయ్యి మీద ఒక్క క్షణం కూర్చుని వెళ్ళింది.

తర్వాత పిల్లలు పుట్టాయి. ఇసుక రేణువులంత పిల్లలు, అన్నీ కళ్ళే. రొయ్యమ్మ వాటికి నడవడం కంటే ముందు ఆ తన్ను నేర్పింది. అవి వాటి పిల్లలకి నేర్పాయి. ఊటేరు ఊరుకునే రకమా, కింద కలిసే ప్రతి ఏటికీ, ప్రతి కాలువకీ ఈ సంగతి చెప్పుకుంటూ పోయింది. చెరువుల్లో రొయ్యలు విన్నాయి, సముద్రంలో రొయ్యలూ విన్నాయి.

అప్పటినుంచే రొయ్య ఎవరికీ వీపు చూపించదు. ఎంత పెద్ద నోరు ఎదురొచ్చినా, చేతులు పైకెత్తి, దాని కళ్ళలోకి చూస్తూ, తోక ముడిచి వెనక్కి తన్నుకుంటుంది. పొట్ట కింది పిల్లలు ముందు, తల్లి వాళ్ళ వెనక.